ద్వీపాంతరవాసము - ద్వీపవిహారము

ఒకే మాట రెండు తరములలో రెండు విధముల వినబడుట లోకమున లేనిది కాదు. కాని 'ద్వీపాంతరము' అను మాటకు కలిగిన మార్పు వంటిది మఱి యే మాటకును కలిగియుండదు. మన తాతల కాలమున ఈ మాట న్యాయస్థానమున వినబడినంతనే, బోనులోని వానికంటె ముందుగా వెలుపల చెట్టు క్రింద కూర్చున్న వాని తల్లికి గుండె పగులుచుండెను. ద్వీపాంతరమనగా నల్లనీరు, నల్లనీరనగా తిరిగిరాని చోటు. నేడు అదే ద్వీపమునకు నాలుగు రాత్రులు అయిదు పగళ్లు తీసికొనిపోయి, క్షేమముగా తీసికొనివత్తుమని గుంటూరు, విజయవాడ వీధులలో బోర్డులు వ్రేలాడుచున్నవి. మంగళగిరిలో క్రొత్తగా పెండ్లియైన జంటలును, పత్తి యమ్మి లెక్క చూచుకొన్న రైతులును, పింఛను పుచ్చుకొనుచున్న యుపాధ్యాయులును ఆ ప్రకటనలను నిలిచి చదువుచున్నారు. ఇందు విచారింపవలసినది లేదు. ఏ నేలపై మనవారు సంకెళ్లతో నడిచిరో, ఆ నేలపై వారి మనుమలు చెప్పులు చేతబట్టుకొని అలలలో నడువగలుగుట స్వాతంత్ర్యమునకు గల యర్థములలో నొకటి. కాని నడుచువాడు తాను నడుచుచున్నది ఏ నేలపైనో యెఱిగి నడువవలెనా, ఎఱుగకయే నడువవలెనా యన్నదే మా ప్రశ్న.

2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీపములకు పోయి యచటి సముద్రతీరపు ఛాయాచిత్రములు ప్రకటించుటయు, వానిపై మాల్దీవుల ప్రభుత్వపు ఉపమంత్రులు కొందఱు అనుచితముగా వ్రాసి పదవులకు దూరము చేయబడుటయు, అంతట మన దేశమున ననేకులు మాల్దీవుల ప్రయాణములు మానుకొనుటయు పాఠకులకు జ్ఞాపకముండును. 2023లో మాల్దీవులకు అందఱికంటె నెక్కువ యాత్రికులను పంపిన దేశము మనది. మరుసటి యేట ఆ స్థానము మనకు లేకపోయెను. పౌరుషము మంచిదే. కాని ఆ దినములలో సాగిన వాదమంతయు ఏ ద్వీపపు ఇసుక తెల్లన, ఏ ద్వీపపు నీరు నీలమన్న లెక్కలోనే ముగిసినది. పరదేశపు హోటలుకు ఇచ్చు సొమ్మును స్వదేశపు హోటలుకు ఇచ్చినంత మాత్రమున దేశభక్తి తీఱిపోవునని మేము తలపము. ద్వీపములకు పోవువాడు అచట నేమి చూచెను, ఎవరి నీరు త్రాగెను, ఎవరి చేతికి డబ్బిచ్చెను, ఏమి వదలి వచ్చెను అను నాలుగు విషయములే వాని యాత్రకు విలువ కట్టును.

తెలుగువానికి ద్వీపము క్రొత్త కాదు. గోదావరి సముద్రమున కలియుచోట కోరంగి యను రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరుగాంచినది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెనతో అది కోలుకొనలేని దెబ్బ తిన్నది. 1843లో 'కోరింగ ప్యాకెట్' అను ఓడ తెలుగు కూలీలను మారిషసు ద్వీపమునకు చేర్చెను. కోరంగినుండి వచ్చినవారు గనుక తెలుగువారిని అచట కోరంగీలనియే పిలిచిరి. చెఱకుతోటలలో ఒడంబడిక కూలికి కట్టుబడి, వెన్నువంచి పనిచేసి, తిరిగి రాలేనివారు అచటనే నిలిచిపోయిరి. అట్టివారి సంతతి నేటికిని ఉగాది నాడు పండుగ చేసికొనుచున్నది; ఆ దేశమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ జరిగినది మారిషసుననే. కూలీలు ఓడ దిగి మెట్లెక్కిన పోర్టులూయీ రేవుకట్ట, ఆప్రవాసి ఘాట్ అను పేర, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. 1903 మొదలు మదరాసు రేవునుండి ఫిజీ దీవులకు తరలింపబడిన దక్షిణదేశపు కూలీలలోను తెలుగువారుండిరి. నేడు మారిషసుకు విహారము పోవు మన క్రొత్తజంటలలో ఆ రేవుకట్ట మెట్లను చూచివచ్చువారు ఎందఱు? చూడనివారిని మేము తప్పుపట్టము. చూడుమని వారికి చెప్పినవారు లేరు. చెప్పుట పత్రికల పని గనుక చెప్పుచున్నాము.

ఇక అండమాను. 1857 తిరుగుబాటు అణచివేసిన పిమ్మట, 1858 మార్చి 10వ తేదీన 200 మంది ఖైదీలతో మొదటి ఓడ అచటకు చేరెను. అడవి కొట్టి, చిత్తడి పూడ్చి, జ్వరములకు చచ్చి, ఆ ఖైదీలు తమ చెఱసాలకు తామే పునాది వేసిరి. 1872 ఫిబ్రవరిలో రాజప్రతినిధి మేయో ప్రభువును షేర్ అలీ అను ఖైదీ పొడిచి చంపినది అచటనే. అతనిని వైపర్ దీవిలో ఉరితీసిరి. 1896లో మొదలిడి 1906లో ముగించిన సెల్యులరు జెయిలు, చక్రపు ఆకులవలె నడుమ గోపురమునుండి చీలిన ఏడు బారులతో నిర్మింపబడెను. ఒక్కొక్క గది నాలుగున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్లకు తక్కువైన వెడల్పు. ఒక బారులోని గదుల తలుపులు తరువాతి బారు వీపును చూచుచుండును; ఒక ఖైదీ ముఖము వేఱొక ఖైదీకి కనబడరాదను నేర్పుతో కట్టిన కట్టడమది. పగలు గానుగకు కట్టబడి, దినమునకు ముప్పది పౌనుల కొబ్బరినూనె తీయవలెను. మన పల్లెలలో గానుగకు ఎద్దును కట్టుదురు. ఎద్దు అలసినచో విప్పుదురు.

ఆ జెయిలు మహారాష్ట్రులకును వంగదేశీయులకును పంజాబీలకును మాత్రమే సంబంధించినదని తలచు తెలుగువారు గలరు. అది సరికాదు. మన్యమున అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం మల్లుదొర 1923లో పట్టువడి ద్వీపాంతరవాస శిక్షతో అండమానుకు పంపబడెను. బ్రదికి వచ్చి, 1952లో స్వతంత్ర భారతపు తొలి లోక్‌సభలో సభ్యుడై కూర్చుండెను. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షింపబడిన ప్రతివాది భయంకర వేంకటాచారియు ఆ చెఱను అనుభవించినవాడే. అదే 1933లో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనగా, బలవంతముగా గొట్టముతో పాలు పోయుటచే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అను మువ్వురు మరణించిరి. 1937లో మరల దీక్ష సాగినది. దేశమంతట కలిగిన సంచలనముచే 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందఱును మాతృభూమికి తిరిగి పంపబడిరి. 1942 మార్చిలో జపానువారు ఆ దీవులను పట్టిరి. 1943 డిసెంబరు కడపట నేతాజీ అచట త్రివర్ణ పతాకము నెత్తెను. ఆ పతాకము నెత్తిన నెల దాటినంతనే, 1944 జనవరి 30న హంఫ్రీగంజు కడ 44 మంది నిరపరాధులను జపాను సైనికులు గూఢచారులని కాల్చివేసిరి. దొర మాఱినంత మాత్రమున దాస్యము మాఱదని ఆ గోయి సాక్ష్యము చెప్పుచున్నది. ఏడు బారులలో నేడు నిలిచినవి మూడు. 1979 ఫిబ్రవరి 11న వానిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. 2018లో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు నేతాజీ సుభాష్‌చంద్రబోస్ ద్వీపము, శహీద్ ద్వీపము, స్వరాజ్ ద్వీపము అను పేర్లును, 2024 సెప్టెంబరులో పోర్టుబ్లెయిరుకు శ్రీవిజయపురమను పేరును పెట్టిరి.

పేర్లు మార్చుట సులభము. పేరునకు తగినట్లు నడచుకొనుట కష్టము. స్వరాజ్ ద్వీపమను పేరు పెట్టిన దీవిలో, రాధానగరు తీరమున సూర్యాస్తమయము చూచి, నీటిలో మునిగి పగడపు దిబ్బలు చూచి, జెయిలుకు మాత్రము విమానవేళకు ముందు మిగిలిన ముప్పావుగంట కేటాయించుట మన ప్రయాణపు ఏజెంటుల పద్ధతి. ఆ క్రమమును తలక్రిందులు చేయుడని మేము యాత్రికులను కోరుచున్నాము. మొదటి దినము జెయిలునకు ఇండు. పిల్లలను గదిలోనికి పంపి, తలుపు మూసి, నూఱు లెక్కపెట్టువఱకు నిలువుమనుడు. మఱునాడు వారు సముద్రమును చూచునప్పుడు దాని నీలము వారికి వేఱుగ కనబడును.

అండమానునకు మన తీరమునకు గల సంబంధము చరిత్రతోనే ముగియలేదు. 2011 జనగణన ప్రకారము ఆ దీవులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. వంగభాష, హిందీ, తమిళముల తరువాతి స్థానము మనది. వీరిలో ననేకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రదుకుతెరువునకు పోయిన మత్స్యకారులు, కూలీలు. హోటలులో మన పళ్లెమునకు వచ్చు చేపను తెల్లవాఱుజామున పట్టి తెచ్చిన చేయి తెలుగు చేయి యగుట యచట అరుదు కాదు. విహారమునకు పోయిన గుంటూరు గృహస్థుడు వడ్డించువానితో వచ్చీరాని హిందీలో మాటలాడి, వాడు తెలుగులో బదులు చెప్పగా ఆశ్చర్యపడుట తఱచుగా జరుగు సంగతి. ఆశ్చర్యపడి యూరకుండక, వాని యూరేదో, వాని పిల్లలు ఏ బడికి పోవుచున్నారో అడుగుడు. అట్లడిగినవాడు ద్వీపమును చూచినవాడగును. అడుగనివాడు ఛాయాచిత్రమును మాత్రము తెచ్చుకొన్నవాడగును.

వ్యవసాయదారునికి ఆ సముద్రముతో మఱియొక లంకె గలదు. మన పొలములకు జూనులో రావలసిన నైరృతి ఋతుపవనము మే మాసపు మూడవ, నాలుగవ వారములలో మొదట అడుగిడునది అండమాను సముద్రముననే. ఆ వార్త కొఱకు ఎదురుచూడని రైతు లేడు. కల్లములో ఎండబెట్టిన మిరపకాయలను నల్లబఱచి, పగిలిన పత్తికాయలను చెట్టుననే కుళ్లబెట్టు తుపానులు ననేకము పుట్టునదియు ఆ నీటిలోనే. 2013 నవంబరులో లెహర్ తుపాను పోర్టుబ్లెయిరు సమీపమున దీవులను దాటి, దారిలో బలముడిగి, 28వ తేదీన మచిలీపట్టణము దాపున తీరము చేరెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఆ దీవులను దాటియే 12వ తేదీన విశాఖను కూల్చెను. మన కంటె ముందుగా ఆ గాలికి ఎదురు నిలుచునది అండమాను అడవి, అండమాను మడచెట్టు. 2004 డిసెంబరు 26నాటి భూకంపమునకు నికోబారు దక్షిణాగ్రము నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, సునామీచే గ్రామములకు గ్రామములు కొట్టుకొనిపోయినవి. ఆ దీవుల క్షేమము మనకు పరాయిది కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అందుచే గ్రేటు నికోబారు దీవిలో తలపెట్టిన మహానిర్మాణమును గూర్చియు మన రైతులు ఆలోచింపవలసియున్నది. గలతియా ఆఖాతమున ఓడరేవు, విమానాశ్రయము, పట్టణము, విద్యుత్కేంద్రము నిర్మించుటకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి నిచ్చిరి. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి దీనికి బలికావలసియున్నది. ఆ తీరము సముద్రపు తాబేళ్లలో కెల్ల పెద్దదియగు తోలువీపు తాబేలు గ్రుడ్లుపెట్టు చోటు. ఆ యడవి షోంపెన్ జాతివారి నివాసము. దేశరక్షణకును వాణిజ్యమునకును రేవు అవసరమను వాదమును మేము తేలికగా త్రోసివేయము. ఆ వాదమున సారము గలదు. కాని భూమి క్రుంగిన దీవిపై, వందయేండ్లలో తిరిగి పెరుగని అడవిని కొట్టి, జనులను పెద్దయెత్తున తరలించు పనికి దేశము ఎదుట సంపూర్ణమైన చర్చ జరుగవలదా? రక్షణ పేర మాట మూయించుట స్వరాజ్యపు పద్ధతి కాదు.

అడవి మాట వచ్చినది గనుక అడవివారి మాటయు చెప్పవలసియున్నది. తెల్లవారు ఆ దీవులను పట్టిన కాలమున వేలకొలది నుండిన అండమానీ జాతులవారు అంటువ్యాధులచేతను, తుపాకులచేతను, మత్తుపదార్థములచేతను నశించిరి. 2011 జనగణనలో గ్రేట్ అండమానీయులు 44 మంది, ఓంగీలు 101, జరావాలు 380 మంది. జరావాల అడవి నడుమనుండి పోవు రాజమార్గమును ఆ యభయారణ్య భాగమున మూయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసియు అది యమలునకు రాలేదు. 2012లో జరావా స్త్రీలను తిండి ఆశచూపి ఆడించిన దృశ్యములు లోకమంతట ప్రదర్శింపబడి మన దేశము తల వంచుకొనవలసివచ్చెను. నాడు దొర మనలను బోనులోని మృగములవలె చూచెనని మనము రోషించితిమి. నేడు మన బస్సు కిటికీలోనుండి మనము చూచు చూపు అట్టిదే యైనచో, ఆ రోషమునకు అర్థమేమి? 1956 నాటి శాసనము వారి దాపునకు పోవుటను నిషేధించుచున్నది. వారి ఛాయాచిత్రము తీయుటయు నేరమే. నేరమని కాదు, అవమానమని మానవలెను. బరాటాంగు గుహలు చూడగోరువారు సముద్రమార్గమున పోవుదురుగాక; ఆ అడవిదారిని పోకుండుట మేలు.

నీటి మాట చూడుడు. ఆ దీవులలో ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. మన గుంటూరు సీమ వానకు మూడింతలకు పైమాట. అయినను నిలువచేయు చోటు తక్కువ గనుక వేసవి నెలలలో శ్రీవిజయపురమున కుళాయిలు తడియారును. ఆ పట్టణమునకు నీరు ముఖ్యముగా ధనిఖరి జలాశయమునుండి రావలెను. మన మిరపకోతలు ముగిసి, సరకు యార్డుకు చేరి, చేతిలో నాలుగు రూకలాడు ఏప్రిల్ మాసమే వారికి నీటికట్టకట. అట్టి వేళ అచట స్నానపు తొట్టి నింపుకొని ఆటలాడుట, బిందెడు నీటికొఱకు బారులు తీరిన వేసవులు చూచిన మన సీమవారికి తగునా? 2010 వేసవిలో సముద్రపు వేడిమికి అండమాను పగడపు దిబ్బలు తెల్లబాఱినవి. పగడము రాయి కాదు, ప్రాణి. దానిపై నిలుచుట, విఱుచుట, జేబులో వేసికొని తెచ్చుట నేరము. ఇసుకలో దొరకిన శంఖమును పూజామందిరమున పెట్టుకొనవలెనని తెచ్చువారు పుణ్యము తెచ్చుట లేదు, దొంగసొత్తు తెచ్చుచున్నారు.

ఇంత చెప్పిన పిమ్మట, 'అట్లయిన ఇంటనే కూర్చుండుమందురా?' యని కొందఱు అడుగవచ్చును. అందుము. యాత్ర చేయుట మన సంప్రదాయమే. కాశికి పోయినవాడును రామేశ్వరమునకు పోయినవాడును దారిలో లోకము చూచిరి. వీరాస్వామి మదరాసునుండి కాశికి పోయి 1830-31లో తన మజిలీలన్నియు వ్రాసిపెట్టుటచేతనే ఆనాటి దేశము మనకు కనబడుచున్నది. తీర్థయాత్రకు నియమములుండెను: ఏమి తినవలెను, ఎట్లు స్నానమాడవలెను, ఎవరికి దానమీయవలెను. విహారయాత్రకు నియమములు లేకపోవుటయే దాని లోపము. ఆ నియమములు మనము ఏర్పఱచుకొనగలము.

మొదటిది, అప్పు చేసి పోరాదు. ఇది చిన్న మాటవలె తోచును. కాని మన సీమలో ఇదియే పెద్ద మాట. మిర్చి ధర ఒక యేట ఆకసమున, మఱుయేట పాతాళమున నుండును. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా క్వింటాలునకు 11,781 రూపాయల చొప్పున కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసికొనవలసివచ్చిన సంగతి గుంటూరు యార్డు నెఱిగినవారందఱకును తెలియును. పొరుగువాడు పోయెనని కౌలురైతు వడ్డీకి తెచ్చి విమానమెక్కుట విహారము కాదు, వినాశము. కంతులపై విహారము నమ్ము కంపెనీల ప్రకటనలను గృహిణులు ఆదిలోనే త్రోసివేయవలెను.

రెండవది, డబ్బు ద్వీపవాసి చేతికి చేరవలెను. మొత్తము సొమ్మును ఇచటనే పెద్ద కంపెనీకి కట్టివేసినచో ద్వీపమునకు మిగులునది చెత్త మాత్రమే. ద్వీపవాసుల గృహములలో బస చేయుడు; వారి వంట తినుడు; వారి పడవ కుదుర్చుకొనుడు; న్యాయమైన వెల బేరమాడక ఇండు. తన మిరపకు న్యాయమైన ధర కోరువాడు పడవవాని కూలికి గీచి గీచి బేరమాడరాదు.

మూడవది, తీసికొనిపోయిన ప్లాస్టిక్కు తిరిగి తీసికొనిరావలెను. ఆ దీవులలో చెత్తకు చోటు లేదు. సముద్రమే కడపటి చోటు.

నాలుగవ నియమమును మంగళగిరి కొండయే మనకు నేర్పుచున్నది. పానకాలస్వామికి ఎంత పానకము సమర్పించినను సగము పుచ్చుకొని సగము భక్తునికే విడుచునని ప్రతీతి. పుచ్చుకొనగలిగియు సగము విడుచు దేవుని కొండక్రింద కాపురమున్నవారము మనము. ఒక కుటుంబము విహారమునకు వెచ్చించు సొమ్ములో సగము కాకున్నను పదియవవంతు వేఱుగ తీసి యుంచినచో, అట్టి పది కుటుంబముల సొమ్ము కొందఱు పేద విద్యార్థులను విశాఖపట్టణమునుండి గాని చెన్నపట్టణమునుండి గాని ఓడలో అండమానుకు పంపుటకు చాలును. ఎవరీ విద్యార్థులు? గుంటమగ్గము కడ కూర్చుండి మంగళగిరి చీర నేయువాని కుమారుడు. జనవరి మొదలు ఏప్రిలు వఱకు ఎండలో మిరపకాయలు కోసి, మంటలెత్తు చేతులతో నిదురపోవు కూలి స్త్రీ కుమార్తె. సెలవు అను మాట వారి యిండ్లలో ఎఱుగరు. కోత లేని దినము వారికి సెలవు కాదు, పస్తు. మన పొలమున వారు కాయ కోయుచుండగా మనము సముద్రతీరమున సేదదీరుట నేరమని మేము అనము. కాని మన సేదకు వారి శ్రమ మూలమని మఱచుట నేరము. సెల్యులరు జెయిలులో ప్రాణములిడిన వారు స్వరాజ్యమును కోరినది కలిగినవారి విహారము కొఱకు మాత్రమే కాదుగదా.

ఈ పనికి ప్రభుత్వము కొఱకు కాచుకొనవలసిన యవసరము లేదు. పట్టణమున ఒక యున్నత పాఠశాల, ఒక గ్రంథాలయము, చేనేత సంఘమువారు, వర్తకులు నలుగురు కూడినచో ఈ సంవత్సరమే ప్రారంభింపవచ్చును. పోయివచ్చిన విద్యార్థి తాను చూచినది వ్రాసి తన తరగతిలో చదువవలెనని మాత్రమే నియమముండనిండు.

ప్రభుత్వములు చేయవలసిన పనులును గలవు. విశాఖనుండి అండమానునకు నడచు ఓడలు చెన్నై, కలకత్తాల నుండి నడచునంత తఱచుగా లేవు. ముందుగా ప్రకటించిన తేదీలకు క్రమముగా ఓడ నడిపినచో విమానపు వెల పెట్టలేనివారికి దారి యేర్పడును. సెల్యులరు జెయిలు కథను రాత్రివేళ వినిపించు ప్రదర్శన తెలుగునను ఉండవలెను; నూటికి పదుమువ్వురు తెలుగువారు గల చోట ఇది వరము కాదు, హక్కు. మన్యమునుండి అచటకు పంపబడినవారి వివరములను దస్త్రములనుండి వెలికితీసి, పాడేరు, చింతపల్లి, నర్సీపట్టణముల పాఠశాలలలో వారి పేర్లు వ్రాయింపవలెను. గిరిజనుల అడవిదారిని యాత్రికులకు మూసి, సముద్రమార్గమును చక్కచేయవలెను. ఒక యేట వచ్చు యాత్రికుల సంఖ్య ద్వీపవాసుల సంఖ్యను మించుచున్న యీ కాలమున, నీటికిని చెత్తకును తగిన యేర్పాటు లేని చోట క్రొత్త హోటలులకు అనుమతి నీయరాదు. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఏ గ్రామపంచాయతీ యైనను తన చెఱువు విషయమున పాటింపవలసిన వివేకమే ద్వీపము విషయమునను కావలెనని మా యాశయము.

దొరల పాలనలో మనవాని కొక ద్వీపమును చూపి, నీవిక మనుష్యుడవు కావనిరి. వాడు గానుగ త్రిప్పుచు, గోడపై గోటితో అక్షరములు గీయుచు, తాను మనుష్యుడనని నిరూపించెను. స్వతంత్రులమైన మనకు అదే ద్వీపము పరీక్ష పెట్టుచున్నది. నీటిని పొదుపుగా వాడుట, అడవివాని గౌరవము కాపాడుట, పడవవానికి న్యాయమైన కూలి యిచ్చుట, మృతవీరుల గదిలో ఒక్క నిమిషము మౌనముగా నిలుచుట, మన సుఖములో ఒక పాలు సుఖమెఱుగనివారికి పంచుట - ఇంతకు మించి ఆ పరీక్షలో ప్రశ్నలు లేవు. పోయివత్తురుగాక, ఉత్తీర్ణులై వత్తురుగాక యని మా యాకాంక్ష.